కాలు కదిలిస్తే తక్కువ సంగీతమా?

జాజ్ సంగీతం తెలిసినవాళ్ళలో కొందరు 'సోల్ జాజ్' పేరెత్తగానే ముఖం చిట్లిస్తారు. అది తేలిక సరుకట. బార్లలో జనం కాళ్ళాడించుకోడానికి వాయించిందట. ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది.

ఒక్క రికార్డు తీసుకుందాం. 1958 జూన్ 20న అమెరికాలోని హాకెన్‌సాక్‌లో, రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో టెనర్ సాక్సఫోన్ వాద్యకారుడు ఎడ్డీ 'లాక్‌జా' డేవిస్ 'కుక్‌బుక్' రికార్డు చేశాడు. అంటే వంటల పుస్తకం! ఆర్గన్ వాయించింది షిర్లీ స్కాట్. అప్పటికి ఆమెకు 24 ఏళ్ళు. మన పీజీ అక్కయ్యల ఈడే.

ఆ హామండ్ ఆర్గన్ 1935లో అమ్మకానికొచ్చింది. అందులో గాలి గొట్టాలుండవు. పళ్ళ చక్రాలు అయస్కాంతాల ముందు తిరుగుతుంటే తీగచుట్టల్లో కరెంటు పుడుతుంది. స్పీకరు దాన్ని నాదం చేస్తుంది. సైకిల్ డైనమోకి దగ్గర చుట్టమన్నమాట. గొట్టాల ఆర్గన్ కొనే స్తోమత లేని చర్చీలకు ఇది అందింది. నల్లజాతివారి చర్చీల్లో ఆదివారం మోగిన ఆ నాదమే వాళ్ళ పేటల్లోని బార్లలోకీ నడిచింది. వారమంతా ఒళ్ళు హూనం చేసుకున్న మనుషులకు అది తెలిసిన గొంతు. అందుకే కాలు కదిలింది. ఇందులో చిన్నతనమేముంది?

ఆ రికార్డులోనే 'ఇన్ ద కిచెన్' అని నెమ్మదిగా సాగే బ్లూస్ ఒకటుంది. నిడివి 12 నిమిషాల పైనే. బ్లూస్ అంటే సాధారణంగా 12 కొలతల చట్రం. అదే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. తిరిగిన దారినే తిరుగుతూ, అంతసేపు వినేవాణ్ణి కదలకుండా కూర్చోబెట్టడం తేలికా? మా నాన్న నాగలి పట్టి చాలు తీస్తుంటే గట్టు మీద నిలబడ్డవాడికి సులువుగానే కనిపిస్తుంది. మేడి పట్టుకుంటే తెలుస్తుంది, చాలు ఎందుకు వంకరపోతుందో! సులువుగా వినబడటం వేరు, సులువుగా వాయించడం వేరు.

ఒకే మూసలో పోసిన ఆర్గన్ రికార్డులు బోలెడు వచ్చాయి, కాదనను. మూస బాగోలేకపోతే మూసనే విమర్శించండి. అంతేగాని కష్టజీవులకు నచ్చింది కాబట్టి తక్కువది అనడం మాత్రం విమర్శ కాదు, వట్టి దర్జా. షిర్లీ స్కాట్ ఆ తర్వాత పెన్సిల్వేనియాలోని చెయ్నీ విశ్వవిద్యాలయంలో జాజ్ పాఠాలు కూడా చెప్పింది. బార్లలో మోగిన విద్య క్లాసురూములోనూ నిలిచిందిగా!

మిత్రులారా, ముందు వినండి. తీర్పు తర్వాత చెప్పుకోవచ్చు.