పది యనగా నెంత?

“పది యనగా నెంత?” అని యడిగినచో మన బాలబాలికలు నవ్వుదురు. కొండపల్లి కళ్లములలో కుంచములతో వడ్లు గొలిచిన తరమువారు నవ్వియుండరు. నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము. నాలుగణాలు పావలా, నాలుగు పావలాలు రూపాయి. ఈ లెక్కలో ఒకటి ప్రక్క సున్న యుంచిన నాలుగు, రెండు సున్నలుంచిన పదునాఱు. మన పూర్వులు భిన్నములను సైత మిట్లే వ్రాసిరి: కాలు, అర, ముప్పాతికలకు నిలువుగీతలు, వీసములకు అడ్డగీతలు.

1957 ఏప్రిలు 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చెను. అణాల లెక్క పోయెను. అందులకు మేము వగవము. వీసముల యెక్కములకై దెబ్బలు తినినవారు అసలే వగవరు! కాని స్థానమునకు విలువ నిచ్చునది పది యొక్కటియే కాదను నెఱుకయు దానితో బోవుట నష్టమని మా యభిప్రాయము.

దానిని మరలఁ దెచ్చుట కొక యాట గలదు. నాలుగును రెండుల లెక్కలో వ్రాయుఁడు: 100. ఆ వ్రాతనే మూఁడుల లెక్కలోఁ జదువుఁడు: తొమ్మిది. తెల్లపొణికి బొమ్మ యొక్కటే, రంగు వేఱు. ఒకటి తీసివేయఁగా ఎనిమిది. అది మూఁడుల లెక్కలో 22. దానిని నాలుగుల లెక్కలో, అనగా రెండు కుంచములు రెండు మానికలుగాఁ జదివినఁ బది. ఒకటి పోఁగా తొమ్మిది. ఇట్లే సాగింపుఁడు. 4, 8, 9, 10. పిమ్మట పదునొకండు ఏడు మాఱులు వచ్చును. అటుపై నొక్కొక్కటి దిగి, ఇరువదిమూఁడుల లెక్కకు సున్న యగును. ఏల? చదువు మార్చినను వ్రాతలోని యంకెలు పెరుగవు. తీసివేత కప్పిచ్చిన యెడమకొన స్థానము మరల నిండదు.

ఇది 1944లో గుడ్‌స్టీను అను నాంగ్ల గణితజ్ఞుఁడు ప్రకటించిన వరుసలకు లఘురూపము. ఆయన ఘాతాంకములను గూడ మార్చెను. అప్పుడు నాలుగుతో మొదలిడినను, సున్నఁ జేరుటకుఁ బట్టు మెట్ల సంఖ్యకే పండ్రెండు కోట్లకు మించిన యంకెలుండును. అయినను ఏ సంఖ్యతో మొదలిడినను తుదకు సున్నయే. ఈ సత్యమును నిరూపించుటకు పియానో యంకగణిత సూత్రములు చాలవని 1982లో కిర్బీ, పారిస్ అను వారు చూపిరి.

దీనికి పరీక్షలో మార్కులు లేవు గదా యని తలిదండ్రు లనవచ్చును. నిజమే. కాని గణనయంత్రములు రెండులతోను పదునాఱులతోను లెక్కించుచుండఁగా మన పిల్లలు పదికే కట్టువడి యుండుట మాకు నచ్చదు. వారమున కొక గంట దీనికై కేటాయింపవలయును.

విద్యార్థులారా, సెలవులలో అయిదుతో మొదలిడి చూడుఁడు: 61 మెట్లు. ఆఱుతోనైన 381, ముందుగా నొక నోటుపుస్తకము కొనుఁడు.