విజ్ఞాన విశేషాలు: రాక్షసిబొగ్గు నుంచి నీళ్లవంటి ఇంధనం

పిల్లలూ! గనులలో దొరికే బొగ్గును మన పెద్దవాళ్లు రాక్షసిబొగ్గు అనేవారు. ఆ పేరు దానికి తగినదే. అది మండితే బ్రహ్మాండమైన వేడి పుడుతుంది. దానితోబాటు పొగా, గంధకపు ఘాటూ, బూడిదా పుడతాయి. మనదేశపు బొగ్గులో బూడిద మరీ ఎక్కువ. చాలా గనుల బొగ్గు వంద కిలోలు కాలిస్తే 30, 40 కిలోల బూడిద మిగులుతుంది.

ఇటువంటి బొగ్గునుంచి మసిలేని ఇంధనం తీయవచ్చునా? తీయవచ్చునని హైదరాబాదులో భారత్ హెవీ ఎలెక్ట్రికల్స్ అనే ప్రభుత్వరంగ సంస్థ పరిశోధకులు 2021లో చేసి చూపించారు. ఈ పరిశోధనకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 10 కోట్ల రూపాయలు ఇచ్చింది.

ఇందులోని కిటుకు ఏమిటంటే, బొగ్గును పూర్తిగా మండనివ్వరు. చిన్న చిన్న ముక్కలుగా చేసి కొలిమిలో వేసి, అడుగునుంచి నీటి ఆవిరినీ, చాలీచాలని ప్రాణవాయువునూ ఊదుతారు. మరిగే ఎసట్లో బియ్యపు గింజలలాగా బొగ్గు నలుసులు పైకీ కిందికీ తుళ్లుతాయి. మండటానికి తగినంత ప్రాణవాయువు లేదు గనక, బొగ్గు ముఖ్యంగా రెండు వాయువులుగా మారుతుంది. ఒకటి హైడ్రోజన్, రెండవది కార్బన్ మోనాక్సైడ్. ఈ వాయువులలోని ధూళినీ, గంధకాన్నీ ముందే తీసివేస్తారు. ఊరంతా పరుచుకున్న పొగను పట్టటం అసాధ్యం గాని, గొట్టంలో ఉన్న వాయువును శుభ్రం చేయటం సాధ్యమే గదా!

శుభ్రపడిన వాయువులను గట్టిగా అదిమి, ఉత్ప్రేరకం మీదుగా పంపితే మెథనాల్ అనే ద్రవం తయారవుతుంది. చూడటానికి అచ్చం నీళ్లలాగే ఉంటుంది గాని, అది విషం. తాగితే చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు. మండేటప్పుడు మటుకు మసి రాదు. పెట్రోలులో కలిపి వాహనాలు కూడా నడపవచ్చు. హైదరాబాదు యంత్రం రోజుకు 250 కిలోల మెథనాల్ తీయగలిగినది. ప్రయోగానికి ఇది చాలు. దేశం అవసరాలు తీరాలంటే పెద్ద కర్మాగారాలు కావాలి.

మరి రాక్షసి సాధువైనట్టేనా? ఇంకా కాలేదు. మసి పోయినా బొగ్గులోని కార్బన్ మాయమైపోదు. తయారీలో కొంతా, మెథనాల్ మండినప్పుడు కొంతా బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. అది గాలిలో చేరితే భూమి వేడెక్కుతుంది. ఆ వాయువును పట్టి, భూమి లోతుల్లో భద్రపరచే మార్గాలను కూడా శాస్త్రజ్ఞులు పరిశోధిస్తున్నారు.

అందుచేత ఎవరైనా మీతో, “బొగ్గు శుభ్రమైపోయింది,” అంటే, “మసి పోయింది, సరే. బొగ్గుపులుసు వాయువు ఏమైంది?” అని అడగండి.