పాత వరుస, క్రొత్త మాట: టోల్కీన్ నవలాగేయములకు జానపద బాణీలు

గద్యకథ నడుమ పాటలను పొదిగిన నవలలకు ఒక చిక్కు కలదు. పాత్ర పాడుచున్నదని రచయిత చెప్పును. మాటలు పాఠకుని కంటికి కనిపించును గాని స్వరము చెవికి వినిపింపదు. ఇంగ్లాండునకు చెందిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892-1973) రచించిన అద్భుతకల్పనా నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో ఈ చిక్కు మిక్కిలి పెద్దది. 1954-55 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడిన ఆ నవలలో 60కి పైగా పద్యములు, గేయములు కలవు. నడకపాటలు, స్నానపు పాట, పానశాలలో పాడు హాస్యగేయము, వీరుల మరణమును గూర్చిన శోకగీతములు, ఎల్ఫులను అమరజాతివారి స్తుతులు వానిలో ఉన్నవి. స్వరలిపి మాత్రము ఒక్కదానికిని లేదు. ఈ లోటును పూరించుటకు 1967 మొదలుకొని ఎందరో సంగీతకారులు పూనుకొనిరి. వారిలో పలువురు తమ బాణీలు జానపదరీతిలో ఉన్నవని చెప్పుకొనిరి. ఆ జానపదత్వము ఎక్కడ ఉన్నదన్నదే ప్రశ్న.

సాధారణముగా అది వాద్యములలో ఉన్నదని తలచుచున్నారు. ఫిడేలు, హార్ప్, పిల్లనగ్రోవి చేరి, గాయకుని కంఠము కొంత బొంగురుగా ఉన్నచో పాట పల్లెపాట యైనదని శ్రోత నమ్మును. ఇది వేషము మాత్రమే. పాత వరుసకు క్రొత్త మాటలు కట్టుట, ఆ వరుస చెక్కుచెదరక నిలువగా మాటలు మారుచుండుట జానపదగేయమునకు ప్రాణము. టోల్కీన్ పాటలకు ఈ లక్షణము ఉన్నదా లేదా యని వెదుకుటకు బయటి సిద్ధాంతములతో పని లేదు. నవలయే సాక్ష్యము చెప్పుచున్నది.

కథారంభములో ఫ్రోడో, సామ్, పిప్పిన్ అను హాబిట్లు స్వదేశమైన షైర్ లో రాత్రివేళ నడచుచు ఒక నడకపాట పాడుదురు. దాని మాటలు ఫ్రోడోను పెంచిన బిల్బో కట్టినవనియు, వరుస మాత్రము కొండలంత పాతదనియు కథకుడు స్పష్టముగా చెప్పును. బ్రీ అను ఊరి పానశాలలో ఫ్రోడో బల్ల నెక్కి పాడిన పాటయును బిల్బో కట్టినదే. రెండవ మారు పాడునప్పుడు అక్కడి వారిలో పలువురు గొంతు కలుపుదురు. వరుస వారికి ముందే తెలిసినది గనుక మాటలు పట్టుకొనుట వారికి కష్టము కాలేదు. తరువాత రాళ్లై నిలిచిన ట్రోల్ అను రాకాసుల యెదుట సామ్ తాను స్వయముగా అల్లిన పాటను, చేతులు వెనుకకు కట్టుకొని, బడిపిల్లవానివలె నిలువబడి పాడును. అక్కడ కూడ వరుస పాతదేనని కథకుడు చెప్పుచున్నాడు. మూడు చోట్ల మూడు పాటలకు ఒకే సూచన ఇచ్చుట యాదృచ్ఛికము కాదు. హాబిట్లు వరుసలు కట్టువారు కారు. ఉన్న వరుసలపై మాటలు కట్టువారు. భజనకీర్తనల అచ్చుప్రతులలో పాటకు పైన ‘ఫలానా పాట వరుస’ అని సూచించుట చూచిన తెలుగు పండితులకు ఈ పద్ధతి వింత గొలుపదు.

రచయిత జీవితములో దీనికి మూలము కలదు. టోల్కీన్ వృత్తిచే భాషాశాస్త్రజ్ఞుడు. 1920 నుండి 1925 వరకు లీడ్స్ విశ్వవిద్యాలయములో బోధించి, ఆ పిమ్మట ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్లోసాక్సన్ ఆచార్యుడయ్యెను. లీడ్స్ లో తన సహోద్యోగి ఇ.వి. గోర్డన్ తో కలిసి విద్యార్థులకొక గోష్ఠిని ఏర్పరచెను. ప్రాచీన నార్స్ గాథలు చదువుట, పాటలు పాడుట ఆ గోష్ఠి పని. పాటలలో కొన్ని ప్రాచీనాంగ్లములోను, కొన్ని గోథిక్ భాషలోను ఉండెడివి. వరుసలు మాత్రము వీధిపాటలవి, పిల్లల పాటలవి. వ్యవహారలుప్తమైన భాషలో వ్యాకరణము తప్పకుండ పద్యము కట్టి, దానిని ప్రతివానికి తెలిసిన బాణీలో పాడించుట పాఠము చెప్పు పద్ధతులలో మేలైనది. సంస్కృతము బోధించువారు దీనిని గమనింపదగును. ఆ పాటలు 1936లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ‘సాంగ్స్ ఫర్ ది ఫిలాలజిస్ట్స్’ అను చిన్న పొత్తముగా ప్రైవేటుగా అచ్చయ్యెను. అందులో ట్రోల్ ను గూర్చిన హాస్యగేయమొకటి కలదు. ‘ది ఫాక్స్ వెంట్ అవుట్’ అను పాత ఇంగ్లీషు జానపదగేయము దానికి వరుస. ఆ హాస్యగేయమే మార్పులతో 1954లో సామ్ నోట వినిపించిన పాట. నవలలో ‘పాత వరుస’ యన్నది ఊహామాత్రము కాదు. దానికి పేరు, ఊరు ఉన్నవి.

అంతటితో ఆగక, ఆ వరుసను రచయిత స్వయముగా పాడి యుంచెను. 1952లో మాల్వర్న్ లో జార్జి సేయర్ అను మిత్రుని యింట టేప్ రికార్డరు ముందు కూర్చుండి తన రచనలనుండి పెక్కు భాగములు చదివెను, ట్రోల్ పాట పాడెను. 1975లో ఆ ధ్వనిముద్రణము గ్రామఫోను రికార్డుగా వెలువడెను. ఆయన శిక్షితగాయకుడు కాడు. కాని ఆ పాట విన్నవారికి ఒక ఛందోరహస్యము బోధపడును. అచ్చులో చదువునప్పుడు ఆ గేయము ప్రతి చరణము నడుమ రెండేసి మాటల పొట్టి పాదములు వచ్చుచుండును. చరణాంతపదముతో ప్రాస కలుపుట తప్ప వానికి అర్థప్రయోజనము తక్కువ. వట్టి పఠనములో అవి అడ్డము తగులుచున్నట్లు తోచును. నక్క పాటలో చరణాంతపదమును ముమ్మారు పలుకుచు గుంపు గొంతు కలుపు చోటు ఒకటి కలదు. సరిగా ఆ చోటనే ఈ పొట్టి పాదములు వచ్చి పడుచున్నవి. వరుస తెలియనివానికి అది ఛందోవైచిత్రి, తెలిసినవానికి అది పల్లవి. ఈ పాటకు క్రొత్త బాణీ కట్టువాడు, ఆ బాణీ ఎంత మధురమైనదైనను, పాదముల కూర్పునకు కారణమైన దానినే తొలగించినవా డగును.

ఈ దృష్టితో చూచినచో ఇంతవరకు జరిగిన స్వరకల్పన నిరాశ కలిగించును. మొదటి ప్రసిద్ధప్రయత్నము డొనాల్డ్ స్వాన్ ది. 1967లో వెలువడిన ‘ది రోడ్ గోస్ ఎవర్ ఆన్’ అను సంపుటములో ఆయన ఏడు పాటలకు పియానో సహకారముతో బాణీలు కట్టెను. రచయిత సమ్మతించి, ఎల్ఫుల భాషలోని పాటలకు అర్థవివరణము కూడ వ్రాసియిచ్చెను. అవి చక్కని పాటలే. కాని అవి సంగీతసభకు తగినవి, పియానో లేనిదే నిలువనివి. దారి నడచుచు ముగ్గురు పాడుకొనదగినవి కావు. ఒక్క ‘నమారియె’ అను ఎల్ఫ్ భాషాగేయమునకు మాత్రము టోల్కీన్ స్వయముగా క్రైస్తవదేవాలయములలోని గ్రెగోరియన్ గానపు తీరున ఒక వరుసను కూనిరాగముగా వినిపింపగా స్వాన్ దానినే ఆధారముగా గైకొనెను. ఇచ్చట కూడ రచయిత మనస్సు ఉన్న వరుసవైపే పోయినది. 1977లో ‘ది హాబిట్’ టెలివిజను చిత్రములో అమెరికా జానపదగాయకుడు గ్లెన్ యార్‌బ్రో పాడెను. కంఠము జానపదము, బాణీలు ఆ చిత్రమునకు క్రొత్తగా కట్టినవి.

1995లో డెన్మార్కులో ఏర్పడిన టోల్కీన్ ఆన్సాంబుల్ కృషి వీని కన్నిటికి మించినది. కాస్పర్ రైఫ్, పీటర్ హాల్ అను స్వరకర్తలు 1997 నుండి 2005 వరకు నాలుగు సంపుటములలో ఆ నవలలోని గేయములన్నిటికి బాణీలు కట్టిరి. ఏ జాతివారి పాట ఆ జాతివారి తీరున వినిపింపవలెనన్న వివేకము వారికి కలదు. హాబిట్ల పాటకు ఒక రీతి, ఎల్ఫుల పాటకు వేరొక రీతి పాటించిరి. నవలలోని పాటలన్నిటికి ఒకే మంచుతెర కప్పు ఇతరులకంటె వారు ఎంతో మేలు. అయినను హాబిట్ల చోట కూడ వారు పాత వరుసలు వెదుకక క్రొత్తవి కట్టుటకే మొగ్గుచూపిరి.

పాత వరుస వాడుకొన్నచో దాని పాత మాటలు శ్రోత మనస్సులో మెదలునని, కల్పితలోకములో ఇంగ్లాండు వీధి చొరబడునని ఒక ఆక్షేపణ కలదు. ఆక్షేపణ తేలికైనది కాదు. కాని ట్రోల్ పాట విషయములో ఆ మెదలుటయే లాభము. నక్క బాతును ఎత్తుకొనిపోయి పిల్లలతో కూడి ఎముకలు నమలు కథ వెనుక వినిపించుచుండగా, మనిషి ఎముకను నమలుచున్న ట్రోల్ కథ ముందు నడచును. ఒకదానికొకటి నవ్వు చేకూర్చును. బ్రీ పానశాల పాట సంగతి ఇంకను స్పష్టము. ఇంగ్లీషు పిల్లలందరికి తెలిసిన పిల్లి, ఫిడేలు, చంద్రునిపైకి దుమికిన ఆవు గల పొట్టి పాట ఒకప్పటి దీర్ఘగాథయొక్క శిథిలశేషమైనచో ఆ మూలగాథ యెట్లుండెడిదో టోల్కీన్ ఊహించి వ్రాసెను. భాషాశాస్త్రజ్ఞులు నక్షత్రచిహ్నముంచి లుప్తమైన మూలపదమును పునర్నిర్మించు పద్ధతి ఇదియే. పిల్లల పాట గుర్తుకు రాని శ్రోతకు ఆ పునర్నిర్మాణమే తెలియదు. పాత స్మృతి ఇచ్చట దోషము కాదు, అపేక్షితము.

ఈ వాదమునకు హద్దు కలదు. రోహన్ దేశపు అశ్వికుల శోకగీతములలో కొన్ని ప్రాచీనాంగ్ల ఛందస్సు ననుసరించి, పాదమునకు నాలుగు ఊనికలతో, ఆద్యక్షరసామ్యముతో నడచును. వానికి చరణవిభాగము లేదు, అంత్యప్రాస లేదు. చరణము చరణమునకు తిరిగివచ్చు పల్లెవరుసను వానిపై మోపినచో ఛందస్సు విరుగును. ఎల్ఫుల పాటలును అట్లే వేరు.

పాత వరుసపై ఇంత పట్టుదల యెందుకన్నదానికి బలమైన హేతువు నవల చివర కలదు. మొదట చెప్పిన నడకపాట అక్కడ మరల వచ్చును. యుద్ధములు ముగిసి, మానని గాయముతో, స్వదేశము విడిచి సముద్రము దాటబోవుచున్న ఫ్రోడో ఆ పాటనే మెల్లగా పాడుకొనును. మాటలు కొంచెము మారినవని కథకుడు చెప్పును. త్రోవను గూర్చిన మరియొక పాటకు ఇదే గతి: బిల్బో పాడినప్పుడు ఉత్సాహముతో నడచిన పాదములు ఫ్రోడో పాడినప్పుడు అలసిన పాదము లగును. తక్కిన పాటంతయు అదే. ఇది పాఠాంతరము, అయితే లేఖకుని ప్రమాదముచే గాక బ్రతుకుచే కలిగిన పాఠాంతరము. వరుస మారక నిలిచినప్పుడే మారిన ఒక్క మాట చెవిని తాకును. ఒక్కొక్క సందర్భమునకు ఒక్కొక్క క్రొత్త బాణీ కట్టినచో శ్రోతకు రెండు వేరువేరు పాటలు వినిపించును గాని, ఒకే పాట ముసలిదైనట్లు వినిపింపదు.

2003 నాటి చలనచిత్రములో జరిగినది ఇదియే. నటుడు బిల్లీ బాయ్డ్ ఆ నడకపాటలోని కొన్ని పాదములకు తానే బాణీ కట్టి, పిప్పిన్ పాత్రలో, సైనికులు మృత్యుముఖమునకు పోవుచుండగా దొరయెదుట పాడెను. వినినవారి గుండె కరగినది. ఆ సన్నివేశము చిత్రములోని మేలైన వానిలో ఒకటి యనుటలో సందేహము లేదు. కాని నవలలో పిప్పిన్ ఆ సభలో పాడడు. తన ఊరి పాటలు అట్టి సభకు తగవని జంకును. ఇల్లు చేరి నిదురపోవుదమని ముగియు పాట, ఇల్లు చేరనివారి విలాపమైనది. జానపదపరంపరలో పాట ఇట్లు ఒక సందర్భమునుండి మరియొకదానికి పోవుట కలదు. అయితే మొదటి సందర్భము శ్రోతకు ముందుగా తెలిసి యుండవలెను. చిత్రమునకు వచ్చినవారిలో నవల చదువనివారికి ఆ నడకపాట నడకపాటగా ఎన్నడును వినబడలేదు.

పాటకు కర్త పేరున్నప్పుడు జనము దానిని మార్చుట కుదరునా యన్న ప్రశ్న మిగులును. బ్రిటిషు చట్టము ప్రకారము టోల్కీన్ రచనలపై హక్కు 2043 సంవత్సరాంతము వరకు నిలుచును. అంతవరకు ప్రకటింపబడు ప్రతి బాణీకి అనుమతి కావలెను. అచ్చైన మాట అచ్చైనట్లే పాడవలెను. అయినను జనము అనుమతికై వేచియుండినట్లు కనబడదు. 1933లో ‘ఆక్స్‌ఫర్డ్ మాగజైన్’లో టోల్కీన్ ‘ఎర్రంట్రీ’ అను క్లిష్టమైన ప్రాసలు గల గేయమును ప్రకటించెను. అది కర్త పేరు పోగొట్టుకొని నోటినుండి నోటికి ప్రాకి, కొంతకాలమునకు తిరిగి ఆయన చెవిని పడెను. 1952లో రేనర్ అన్విన్ కు వ్రాసిన లేఖలో ఆయన ఈ సంగతిని ముచ్చటించుచు, కఠినపదములు చెడక నిలిచినవనియు, సులభపదములే మారినవనియు, ఛందస్సు తరచు తప్పినదనియు గమనించెను. కఠినపాఠమే తొలగి సులభపాఠము చేరునని నమ్ము గ్రంథపరిష్కర్తలు ఈ సాక్ష్యమును పట్టించుకొనవలసి యున్నది. స్వాన్ సంపుటములోని ఏడవ పాట ఆ ‘ఎర్రంట్రీ’యే. దానికి ఆయన క్రొత్త బాణీ కట్టెను.