మైలేజీ పెంచే పరికరాలు: కొలిచి చూశాకే కొనాలి

నరసాపురం: లీటరు పెట్రోలు ధర 2021లో వంద రూపాయలు దాటింది. నాటి నుంచి బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ మైలేజీ మాటే. ఆ బెంగనే పెట్టుబడిగా చేసుకుని అమ్ముడవుతున్నవి ఇంధనం ఆదా పరికరాలు. పెట్రోలు పైపుకు బిగించే అయస్కాంతం, ట్యాంకులో వేసే బిళ్ల, గాలి వెళ్లే దారిలో పెట్టే చిన్న ఫ్యాను, నీటి నుంచి గ్యాసు తీసి ఇంజనుకు పంపే సీసా... పేర్లు వేరైనా చెప్పే మాట ఒక్కటే. ఇది పెడితే నూటికి 30 వంతుల ఇంధనం మిగులుతుందట! సెల్‌ఫోనులో వీడియో చూసి తెప్పించుకునేవారు కొందరు, సంతలోనో తీర్థంలోనో కొనేవారు మరికొందరు.

కొన్నవారిని అమాయకులని తీసిపారేయడం తగదు. నరసాపురం నుంచి పాలకొల్లుకో, మొగల్తూరుకో ఆటో తోలి బతికేవాడి లెక్క చూడాలి. రోజుకు 4 లీటర్లు పోయిస్తాడనుకుందాం. లీటరు వంద చొప్పున వేసుకున్నా 400 రూపాయలు. అందులో 30 వంతులు మిగిలితే రోజుకు 120 రూపాయలు. రెండు వేలు పెట్టి కొన్న పరికరం 17 రోజుల్లో గిట్టుబాటవుతుంది. ఫైనాన్సు వాయిదా నెత్తిమీద ఉన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి? లెక్కలో తప్పు లేదు. తప్పంతా ఆ 30 అన్న అంకెలోనే ఉంది.

కాలకుండా పోయేదెంత?

పెట్రోలు సగం కాలకుండానే పొగగొట్టంలోంచి పోతోందని, తమ పరికరం దాన్ని పూర్తిగా కాల్చేస్తుందని అమ్మేవారు చెబుతారు. ఇది నిజం కాదు. మంచి స్థితిలో ఉన్న ఇంజనులో దాదాపు 98 వంతుల ఇంధనం ఎలాగూ కాలిపోతుంది. మిగిలిన రెండు వంతుల్లోంచి 30 వంతులు ఎలా తీస్తారు?

అసలు నష్టం వేడిలో జరుగుతోంది. పెట్రోలు ఇంజనులో పుట్టిన వేడిలో ఇంచుమించు నాలుగో వంతే చక్రం తిప్పే పనికి వస్తుంది. మిగతాది పొగతోనూ, ఇంజను ఒంటి వేడిగానూ గాలిలో కలిసిపోతుంది. కట్టెల పొయ్యి మీద వండే ఇల్లాలికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. కట్టె మొత్తం కాలి బూడిదైనా మంట అంతా గిన్నెకు పట్టదు. కట్టెకు అయస్కాంతం కడితే అన్నం త్వరగా ఉడుకుతుందా?

పెట్రోలు ఇనుప రజను కాదు, అయస్కాంతానికి అంటుకోవడానికి. ఇక నీటి సీసా సంగతి. నీటిని గ్యాసుగా విడగొట్టడానికి కరెంటు కావాలి. ఆ కరెంటును మళ్లీ ఆ ఇంజనే తయారు చేయాలి. పెట్టిన శక్తి కంటే తిరిగి వచ్చేది ఎప్పుడూ తక్కువే. చెరువులో నీరు తోడి అదే చెరువులో పోసి, మట్టం పెరగలేదేమని చూసినట్టుంటుంది ఈ వ్యవహారం.

పాత కార్బురేటరు బండ్లలో గాలి కాస్త ఎక్కువ పంపితే కొంచెం ఆదా కనిపించిన సందర్భాలు లేకపోలేదు. అయితే ఇంజను వేడెక్కే ప్రమాదం దాని వెంటే ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్-6 బండ్లలో ఆ వీలు కూడా లేదు. పొగగొట్టంలో ఉన్న సెన్సారు చూసి చెబుతుంటే, ఎంత గాలికి ఎంత పెట్రోలు వదలాలో బండిలోని కంప్యూటరే సరిచేసుకుంటుంది. మధ్యలో పైపు కోసి ఏదో బిగిస్తే కంపెనీ వారంటీకే ఎసరు వస్తుంది.

పరీక్షల్లో తేలిందేమిటి?

అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఇలాంటి పరికరాలను వందకు పైగా పరీక్షించింది. ఏవో కొన్ని మాత్రమే స్వల్పంగా ఆదా చూపాయి. వాటిలోనూ కొన్ని పొగ కాలుష్యాన్ని పెంచాయి. ఫ్యూయల్‌మాక్స్ అనే అయస్కాంతం 27 వంతుల మైలేజీ పెంచుతుందని అక్కడ ప్రచారం చేసి అమ్మితే, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2004లో కోర్టుకు వెళ్లింది.

మన పొరుగున తమిళనాడులో 1996లో రామర్ పిళ్లై అనే ఆయన మూలికలు వేసి నీటిని పెట్రోలుగా మారుస్తానంటే దేశమంతా నోరు తెరుచుకుని చూసింది. ఆ కేసులో 2016లో చెన్నై కోర్టు మూడేళ్ల కఠిన కారాగార శిక్ష విధించింది. ఇరవై ఏళ్లు గడిచాక వచ్చిన తీర్పు అది. ఈలోగా డబ్బు పోగొట్టుకున్నవారి గోడు ఎవరికి పట్టింది?

అట్టపెట్టె మీద ఐఎస్ఓ ముద్ర ఉందని కొందరు చూపిస్తారు. ఐఎస్ఓ 9001 అనేది సంస్థ పని నిర్వహణ ఒక పద్ధతి ప్రకారం ఉందని చెప్పే పత్రమే తప్ప మైలేజీ పెరుగుతుందనడానికి హామీ కాదు. పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థల పేరు చెబితే, పరీక్ష నివేదిక పూర్తి ప్రతి అడగాలి. ఏ బండి మీద పరీక్షించారు, ఏది పరీక్షించారు, ఎంత వచ్చింది అన్న మూడు సంగతులూ అందులో ఉండాలి.

కొలిచే పద్ధతి

“నా బండికి పెరిగింది” అని ఒట్టేసి చెప్పేవారు కనిపిస్తారు. వారు అబద్ధం చెబుతున్నారనీ కాదు. డబ్బు పెట్టి కొన్నది బిగించుకున్నవాడు తెలియకుండానే బండి నెమ్మదిగా తోలతాడు. బిగించేటప్పుడే మెకానిక్ ఎయిర్ ఫిల్టరు దులిపి, చెయిను బిగించి ఇస్తాడు. ఆ ఘనత పరికరానికి దక్కుతుంది.

నిజం తేల్చడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒకే బంకులో, బండిని ఒకే చోట నిలబెట్టి, ట్యాంకు మెడ దాకా నింపాలి. నరసాపురం నుంచి భీమవరం సుమారు 30 కిలోమీటర్లు. రెండుసార్లు పోయి వచ్చి, మళ్లీ అదే మట్టానికి నింపి ఎంత పట్టిందో రాసుకోవాలి. పరికరంతో మూడుసార్లు, లేకుండా మూడుసార్లు ఇలా చేయాలి. బరువు, టైర్లలో గాలి, వేగం మారకూడదు. ముఖ్యంగా, పరికరం ఉన్నదీ లేనిదీ తోలేవాడికి తెలియనివ్వకుండా వేరొకరు బిగించాలి. పరికరం లేకుండా తిరిగిన మూడు సార్లలోనే లీటరుకు 4 కిలోమీటర్ల తేడా వస్తే, పరికరంతో వచ్చిన 2 కిలోమీటర్ల పెరుగుదలకు విలువ లేదు. ఈ పరీక్షకు అమ్మేవాడు ఒప్పుకోకపోతే అతని నమ్మకం ఎంతటిదో అక్కడే తెలిసిపోతుంది.

డెల్టాలో ఇది ఆటోలకే పరిమితమైన సమస్య కాదు. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రిపూట ఏరేటర్లు తిప్పే డీజిలు ఇంజను మొరాయిస్తే తెల్లారేసరికి సరుకు మొత్తం తేలిపోతుంది. వేటకు వెళ్లిన బోటు ఇంజను సముద్రంలో ఆగితే మనుషుల ప్రాణాలకే ముప్పు. నాలుగు లీటర్లు మిగులుతాయన్న ఆశతో అలాంటి ఇంజన్ల మీద ప్రయోగాలు చేయడం ఎంతవరకు సబబు?

ఖర్చు లేని ఆదా మార్గాలు లేకపోలేదు. వాటిని 1978లో ఏర్పడిన పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగం దాటవద్దు. టైర్లలో గాలి నాలుగో వంతు తగ్గితే పెట్రోలు 5 నుంచి 10 వంతులు అదనంగా తాగుతుంది. క్లచ్చి మీద కాలు వేసి ఉంచవద్దు. రేవులో పంటు కోసం ఆగినప్పుడు ఇంజను ఆపేయాలి. ఇవి చెప్పేవారికి కమీషను రాదు కాబట్టే పెద్దగా ప్రచారం కూడా లేదు.

తప్పుదారి పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. కానీ రెండు వేల రూపాయల కోసం పని మానుకుని ఎందరు తిరుగుతారు? నష్టం జరగకముందే అడ్డుకోవడం మేలు. నరసాపురం పక్కన సీతారామపురంలోనే ఇంజనీరింగు కళాశాల ఉంది. రవాణా శాఖ అధికారులు, ఆటో కార్మిక సంఘాలు, కళాశాల మెకానికల్ విభాగం కలిసి ఒక సెలవురోజున బజారులో దొరికే నాలుగైదు పరికరాలు తెప్పించి, అందరి ఎదుటా ఈ పరీక్ష జరిపించాలి. వచ్చిన అంకెలను ప్రతి ఆటో స్టాండులోనూ, ప్రతి పెట్రోలు బంకులోనూ బోర్డు మీద రాయించాలి. నిజంగా పనిచేసే పరికరం ఉంటే దాన్నీ రాయించవచ్చు, ఎవరికీ అభ్యంతరం ఉండదు. సంబంధిత అధికారులు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించడం అవసరం.