ఊరగాయ మిగిలింది, మాట మిగల్లేదు



పోయిన ఆదివారం మన కార్యవర్గ సమావేశంలో రెండు విషయాలు వచ్చాయి. ఒకటి, ఉగాదికి పెట్టే ఆవకాయ, గోంగూర, పులిహోర స్టాళ్లను ఈసారి రెట్టింపు చేయాలని. రెండోది, శనివారం తెలుగు తరగతి ఆపేయాలని. వచ్చేది అయిదుగురు పిల్లలే కదా, గది అద్దె దండగ అన్నారు. మొదటిదానికి అందరూ సరే అన్నారు. రెండోదానికీ గట్టిగా అడ్డు చెప్పినవాళ్లు లేరు. "ఆవకాయ ఉన్నంతకాలం మన తెలుగుతనం ఎక్కడికీ పోదండీ" అని ఒక పెద్దాయన అంటే చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక ఆ మాటే మనసులో తిరుగుతూ ఉంది. ఎందుకో చెప్పాలంటే న్యూయార్క్ యూదుల ఊరగాయ కథ చెప్పాలి. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

రెండేళ్ల కిందట మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు అల్లుడు మమ్మల్ని మన్‌హట్టన్‌లో లోయర్ ఈస్ట్ సైడ్ అనే పాత పేటకు తీసుకెళ్లాడు. అక్కడ కాట్జెస్ అని ఒక డెలీ ఉంది, 1888 నుంచి నడుస్తోందట. డెలీ అంటే మాంసం, రొట్టె, ఊరగాయ అమ్మే భోజనశాల అనుకోండి. వాళ్లంతా పాస్ట్రామీ తెప్పించుకున్నారు. నేను మాంసం ముట్టను కాబట్టి ఊరగాయ పళ్లెం నా ముందుకు జరిగింది. పచ్చగా, పొడుగ్గా కీరదోసకాయలు. కొరికితే కరకరమంది. పులుపు, ఉప్పు, వెల్లుల్లి వాసన. కారం లేని ఊరగాయ కూడా ఊరగాయేనా అనుకుంటూనే మూడు తిన్నాను.

దాని తయారీ మనదానికి పూర్తిగా భిన్నం. మనం ఆవకాయకి నీటి చుక్క తగలనివ్వం. కాయ తుడిచి, గరిటె ఆరబెట్టి, నూనె పైకి తేలేలా పోసి జాడీకి వాసెన కడతాం. వాళ్లు దోసకాయల్ని ఉప్పునీళ్లలోనే ముంచుతారు. వెల్లుల్లి, ఆవాలు, మిరియాలు, డిల్ ఆకు వేస్తారు. మన బెంగళూరు వాళ్లు సబ్బసిగె సొప్పు అంటారే, అదే డిల్. వెనిగర్ పొయ్యరు. ఉప్పు చెడ్డ సూక్ష్మజీవుల్ని ఆపుతుంది, మంచివి పెరిగి పులుపు పుట్టిస్తాయి. దోసెల పిండి పులిసినట్టే. తక్కువ రోజులు ఊరి ఇంకా పచ్చగా ఉంటే సగం పులుపు, నెలల తరబడి ఊరి రంగు మారితే నిండు పులుపు. మన ఇళ్లలో కొత్తావకాయ, పాతావకాయ అని వాదించుకున్నట్టు అక్కడ వీటి మీద వాదించుకుంటారు.

1880ల నుంచి 1924లో అమెరికా వలసల తలుపు దాదాపు మూసేసేదాకా తూర్పు యూరప్ నుంచి 20 లక్షలకు పైగా యూదులు ఆ దేశం వచ్చారు. రష్యా సామ్రాజ్యంలో దాడులు, పేదరికం భరించలేక వచ్చినవాళ్లే ఎక్కువ. చాలామంది మొదట దిగింది ఈ పేటలోనే. వాళ్ల పాత ఊళ్లలో చలికాలం పొడుగు, కూరగాయ దొరకదు. అందుకని శరత్కాలంలోనే క్యాబేజీ, దోసకాయ పీపాల్లో ఊరేసుకునేవారు. రొట్టె, బంగాళాదుంప, పక్కన ఒక పుల్లటి ముక్క. అది పేదవాడి భోజనం. ఆ పీపాలే ఇక్కడ తోపుడుబండ్లు ఎక్కాయి. ఎసెక్స్ స్ట్రీట్ చుట్టుపక్కల ఊరగాయ కొట్లు వరసగా వెలిశాయి.

డెలీలో దానికి స్థానం ఎలా దొరికిందో కూడా గమనించండి. ఆచారం పాటించే యూదులు మాంసంతో పాలు, వెన్న, చీజ్ కలపరు. కొవ్వు పట్టిన మాంసానికి తోడు కావాలంటే మిగిలింది ఆవముద్ద, ఊరగాయ. ముద్దపప్పు, నెయ్యి కలిపిన అన్నంలో ఆవకాయ ముక్క ఏ పని చేస్తుందో అక్కడ అదీ అదే చేసింది. నోరు శుభ్రం చేసి మళ్లీ ఆకలి పుట్టించింది.

అయితే అప్పట్లో దాన్ని గొప్పగా ఎవరూ చూడలేదు. బెర్తా వుడ్ అనే ఆహార నిపుణురాలు 1922లో పరదేశీయుల తిండి మీద ఒక పుస్తకం రాస్తూ, యూదులు ఊరగాయ మరీ ఎక్కువ తింటారని, దానివల్ల చప్పని రుచులు నాలుకకు ఆనవని తప్పుపట్టింది. వాసన, కారం అంటూ టిఫిన్ డబ్బా దగ్గర మాటలు పడ్డ మన పిల్లలకు ఇది అర్థమవుతుంది. 1988లో వచ్చిన క్రాసింగ్ డెలాన్సీ సినిమాలోనూ ఇదే సంగతి. చదువుకున్న యూదు అమ్మాయికి ఊరగాయ కొట్టువాడి సంబంధం చూస్తుంది బామ్మ. ఆ అమ్మాయికి నామోషీ.

చివరికి గెలిచింది మాత్రం ఊరగాయే. కోషర్ డిల్ అనే పేరుతో సీసాలకెక్కి అమెరికా అంతటా సూపర్‌మార్కెట్లలో చేరింది. కొనేవాళ్లలో ఎక్కువమంది యూదులు కారు. ఆ పేరులో కోషర్ అనేది ఇప్పుడు చాలాచోట్ల ఆచారాన్ని కాదు, వెల్లుల్లి వేసిన ఆ పాత పద్ధతిని చెబుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ తోపుడుబండ్ల దగ్గర బేరాలు జరిగింది యిడ్డిష్ భాషలో. ఫోర్వర్ట్స్ అనే యిడ్డిష్ పత్రిక 1897లో ఆ నగరంలోనే పుట్టింది. 1920లలో రోజుకు రెండు లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యేవి. 2019లో దాని అచ్చు ఆగిపోయింది, ఇప్పుడు ఇంటర్నెట్‌లో నడుస్తోంది. యూరప్‌లో యిడ్డిష్ మాట్లాడేవాళ్లను హిట్లర్ మూకలు లక్షల్లో చంపేశాయి. ఆ దెబ్బ వేరు, దాన్ని దేనితోనూ పోల్చకూడదు. కానీ న్యూయార్క్‌లో ఎవరూ చంపలేదు. అక్కడ తాత యిడ్డిష్‌లో మాట్లాడాడు, కొడుకు అర్థం చేసుకుని ఇంగ్లీషులో జవాబిచ్చాడు, మనవడికి నాలుగు తిట్లు, ఆరు తిండి పేర్లు మిగిలాయి. మూడు తరాలు పట్టింది, అంతే.

అదే నగరంలో బ్రూక్లిన్‌లోని హసీదీ యూదుల ఇళ్లలో పసిపిల్లలు ఈరోజుకీ యిడ్డిష్‌లోనే అల్లరి చేస్తారు. వాళ్లు తినే ఊరగాయ వేరేదేమీ కాదు. తేడా ఒక్కటే, ఇంట్లోనూ బడిలోనూ ఆ భాష వాడుతున్నారు. వాళ్ల కట్టుబాట్లన్నీ మనకు నచ్చాలని లేదు. ఈ ఒక్క విషయం మాత్రం చూసి నేర్చుకోవచ్చు.

ఊరగాయ ఎవరి నోటికైనా పడుతుంది, అందుకే బతుకుతుంది. దాన్ని బతికించడానికి మనమే అక్కర్లేదు. మన చెన్నైలోనే చూడండి. ఏ కొట్లో అడిగినా ఆవక్కాయ్ సీసా ఇస్తారు, తమిళ ఇళ్లలో వేసవికి జాడీలు నింపుకుంటారు. సంతోషం. అది మనం ఇరుగుపొరుగుకు ఇచ్చిన కానుక. కానీ మనం రేపు తెలుగు మరిచిపోయినా ఆ సీసా అక్కడే ఉంటుంది. మనం ఉన్నామనడానికి అది సాక్ష్యం ఎలా అవుతుంది?

భాషకు ఆ సౌకర్యం లేదు. పక్కవాళ్లు దాన్ని మనకోసం మాట్లాడిపెట్టరు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత ఈ రాష్ట్రంలో బడిలో తెలుగు చదవడం ఎంత కష్టమైందో మీకు తెలుసు. ఈ నేల మీద ఉంటూ తమిళం నేర్చుకోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ బడిలో చోటు తగ్గినప్పుడు సంఘంలో చోటు పెరగాలి కదా. మనం ఉన్న ఒక్క గదికీ తాళం వేస్తున్నాం.

స్టాళ్లు వద్దనను. జనం వచ్చేది తిండి కోసమే, డెలీకి మూడు తరాలు కలిసి వెళ్లింది కూడా అందుకే. ఊరగాయ తలుపు తీస్తుంది. లోపలికి పిలిచి కూర్చోబెట్టడం మన పని. అందుకే నా మనవి ఇది.

శనివారం తరగతి ఆపొద్దు. స్టాళ్ల మీద వచ్చే మిగులులోంచే దాని అద్దె కడదాం. వేసవిలో మామిడికాయలు రాగానే ఒక శనివారం తరగతిని ఆవకాయ పెట్టడానికే కేటాయిద్దాం. మన అమ్మమ్మలు, నాయనమ్మలు వచ్చి కాయ కొట్టించి, టెంక, జీడి, ఆవపిండి, జాడీ, వాసెన అంటూ పిల్లలకు చెప్పాలి. పిల్లలు ఆ మాటలు తమ చేత్తో తెలుగులో రాసి సీసాలకు అంటించాలి. పోయిన వారం మా పెద్ద మనవణ్ణి వాసెన అంటే ఏమిట్రా అని అడిగాను. ఫోన్‌లో వెతుకుతానన్నాడు. వాడికి ఆవకాయ లేనిదే ముద్ద దిగదు.

వచ్చే సమావేశంలో ఈ తీర్మానాన్ని మళ్లీ చర్చకు పెట్టమని కార్యదర్శిగారిని అడుగుతున్నాను. ఒప్పుకునేవాళ్లూ కాదనేవాళ్లూ ఇద్దరూ రండి. ఆ అయిదుగురు పిల్లల తల్లిదండ్రులు తప్పకుండా రావాలి. మరో అయిదుగురిని పంపగలిగినవాళ్లు కింద రాయండి.