లాగితేనే తెగుతుంది!

'రంపపు కోత' అంటే మనకు బాధకు మారుపేరు. ఎత్తిపొడుపు మాటలైనా, నెలనెలా అద్దె పెంచుతానని గుర్తుచేసే ఇంటి యజమానైనా... 'అబ్బ, రంపపు కోత!' అనేస్తాం. అసలైన రంపపు కోతలో ఎంత నేర్పు ఉందో, ఒక్క వెంట్రుకవాసి తేడాతో ఎన్ని బొమ్మలు దక్కుతాయో, ఎన్ని పొట్టు పాలవుతాయో మాత్రం ఎప్పుడూ ఆలోచించం. అది తెలియాలంటే ఏటికొప్పాక వెళ్లాలి. అక్కణ్నుంచి జపాన్ దాకా కూడా వెళ్లి రావాలి!

విశాఖపట్నం నుంచి 65 కిలోమీటర్ల దూరంలో, వరాహ నది ఒడ్డున ఉంది ఏటికొప్పాక. 2022 వరకూ విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఊరి పేరు వినగానే గుర్తొచ్చేవి లక్కపిడతలు. బొమ్మల కొలువులో రాజూ రాణీ, పెళ్లి ఊరేగింపు, చిట్టి తిరగలి, చిన్నారి చేతిలో గిరగిరా తిరిగే బొంగరం, అమ్మమ్మ దాచుకున్న కుంకుమ భరిణె... ఇవన్నీ ఇక్కడ పుట్టినవే. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రసాయన రంగుల్ని వదిలి చెట్ల నుంచి తీసిన రంగులకు మళ్లేలా ఇక్కడి పనివాళ్లను నడిపించిన సి.వి.రాజును 2023లో పద్మశ్రీ వరించింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవీ ఈ బొమ్మలే. ఆ శకటానికి మూడో బహుమతి వచ్చింది.

పేరుకేం లోటు లేదు. లోటు ఎక్కడంటే... కర్ర దగ్గర!

కొమ్మే పెట్టుబడి

కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి ఎలాగో ఏటికొప్పాక బొమ్మకు అంకుడు కర్ర అలాగ. తెల్లగా, మెత్తగా, సన్నని పొరలతో ఉంటుంది. ఉలికి ఎదురు తిరగదు. లక్క పూస్తే అద్దంలా మెరుస్తుంది. కర్ణాటకలోని చెన్నపట్నం బొమ్మలకు వాడేదీ ఈ జాతి చెట్టే. కొమ్మ విరిస్తే పాలు కారతాయి. దీని ఆకుల నుంచి నీలిరంగు కూడా తీసేవారు. అందుకే వృక్షశాస్త్రజ్ఞులు దీని శాస్త్రీయ నామంలో 'అద్దకానికి పనికొచ్చేది' అనే అర్థాన్ని చేర్చారు.

అంకుడు కొట్టిన మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. కానీ ఆ చిగురు కొమ్మై, కొమ్మ చేతికందే లావై, కోసి, బెరడు తీసి, నీడన ఆరబెట్టి పనికి సిద్ధమయ్యేసరికి చాలాకాలం పడుతుంది. తొందరపడి పచ్చికర్రతో చేస్తే ఆరేకొద్దీ బొమ్మ బీటలు వారుతుంది. భరిణె మూత వదులైపోతుంది. అడవులు తరిగి, అంకుడు కర్ర దొరకడమే కష్టమవుతోందన్నది ఇక్కడి కళాకారులు ఏళ్లుగా చెబుతున్న మాట. మరి అలాంటప్పుడు ఉన్న కర్రలో ఎంత బొమ్మవుతోంది, ఎంత పొట్టవుతోంది అన్నది చిన్న ప్రశ్నేం కాదు. అది కూలికి, కుటుంబానికి సంబంధించిన లెక్క.

ఏటికొప్పాక పనితనమంతా కనిపించేది లేత్ మీద. పెద్దలు దీన్నే తరిమెన అనేవారు. గిర్రున తిరుగుతున్న కర్రకి ఉలి ఆనించి ఆకారం తెస్తారు. రంగు కలిపిన లక్కకడ్డీని అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. చూడ్డానికి మంత్రం వేసినట్టే! కానీ లేత్ దాకా రావడానికి ముందు కర్రను ముక్కలు చేయాలి. ఆ మొదటి కోత రంపానిదే. అక్కడ వంకర పోతే ఆ వంకరను సరిచేయడానికి మరికొంత కర్ర తరిగేయాల్సిందే.

ఒక్క అడుగు కర్ర... ఒక లెక్క

కాగితం మీద చూద్దాం. అడుగు పొడవున్న కర్ర, అంటే దాదాపు 300 మిల్లీమీటర్లు. దాన్నుంచి 15 మిల్లీమీటర్ల మందాన చిన్న పిడతల మూతలకు బిళ్లలు కోయాలనుకుందాం. రంపం కోసిన ప్రతిసారీ కొంత కర్ర పొట్టుగా పోతుంది. ఆ గాడి వెడల్పు రెండు మిల్లీమీటర్లుంటే కర్రకి 17 బిళ్లలొస్తాయి. అదే గాడి అర మిల్లీమీటరే అయితే? 19 వస్తాయి! అడుగు కర్రకి రెండు బిళ్లలు మిగులు. వంద కర్రలకు రెండొందలు. కొత్త చెట్టు కొట్టక్కర్లేదు, అదనంగా పైసా పెట్టి కర్ర కొనక్కర్లేదు. రంపం పలచనైతే చాలు.

'మరైతే పలచటి రంపమే చేసుకోవచ్చుగా?' అన్న అనుమానం రావడం సహజం. చిక్కంతా అక్కడే ఉంది. ఒక దారప్పోగును బల్లమీద పెట్టి ముందుకు తోసి చూడండి. వంకర్లు తిరిగి కుప్పగా పడుతుంది. అదే దారాన్ని ఇవతలికి లాగండి. గీత గీసినట్టు నిటారుగా వస్తుంది. రంపం రేకూ అంతే. తోసి కోసే రంపం వంగిపోకుండా ఉండాలంటే రేకు మందంగా ఉండాలి. రేకు మందమైతే గాడీ వెడల్పవుతుంది. లాగి కోసే రంపానికి ఆ బాధ లేదు. లాగినప్పుడు రేకు దానంతటదే బిగుసుకుంటుంది. కాబట్టి ఎంత పలచగా ఉన్నా ఫరవాలేదు. ఈ చిన్న సూత్రాన్ని పట్టుకుని రంపాన్ని ఓ కళాఖండంగా మార్చినవాళ్లు జపాన్ వడ్రంగులు.

రెండు వైపులా పళ్లే!

జపాన్ భాషలో రంపాన్ని నొకొగిరి అంటారు. అందులో మూడు రకాలు ముఖ్యం. మొదటిది ర్యోబా. రేకుకి రెండంచులా పళ్లుంటాయి. ఒకవైపు సన్నపళ్లు, కర్రను అడ్డంగా కోయడానికి. రెండోవైపు పెద్దపళ్లు, నిలువునా చీల్చడానికి. రెండోది దొజుకి. దీని వీపు మీద ఇనుప పట్టీ బిగించి ఉంటుంది. రేకు మందం దాదాపు 0.3 మిల్లీమీటర్లు... పోస్టుకార్డుతో పోల్చదగ్గంత పలచన! పెట్టెల మూలలు, కిటికీ చట్రాల అతుకులు దీంతో కోస్తారు. మూడోది కతబా. పళ్లు ఒకవైపే, వీపు పట్టీ ఉండదు. లోతైన కోతలకు వాడతారు. రంపమే కాదు, అక్కడ చిత్రిక కూడా ఇవతలికి లాగే పడతారు. మేకు లేకుండా కర్రలో కర్ర దూర్చి గుడులు కట్టిన దేశం కదా... అతుకులో వెలుతురు కనబడితే మేస్త్రీకి పరువు తక్కువ.

ఇదంతా ఎక్కడో దూరదేశపు వింత అనుకోనక్కర్లేదు. మన రైతు వరి కోసేటప్పుడు కొడవలిని తోస్తాడా, లాగుతాడా? లాగే కోస్తాడు. నేలమీద కూర్చుని, కర్రను కాలివేళ్లతో అదిమిపట్టి పనిచేసే వడ్రంగికి కూడా లాగడమే అనువు. భారతదేశం, ఇరాన్, టర్కీ లాంటి చోట్ల రంపం పళ్లు పిడివైపు తిరిగి ఉంటాయని పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్లేయులు పనిముట్ల మీద రాసిన పుస్తకాల్లో ప్రస్తావించారు కూడా. ఎత్తు బల్ల ముందు నిలబడి ఒంటి బరువంతా వేసి తోసే పద్ధతి ఐరోపా వాళ్లది. ఆ బల్లతోపాటు ఆ రంపమూ మన దుకాణాల్లోకి వచ్చి స్థిరపడింది. అంటే లాగే రంపం మనకు చుట్టమే. మధ్యలో రాకపోకలు తగ్గాయంతే!

బొమ్మల్లోనూ ఈ చుట్టరికం కనిపిస్తుంది. ఉత్తర జపాన్‌లోని తొహోకు ప్రాంతంలో కొకేషి బొమ్మలు చేస్తారు. గుండ్రటి తల, కోలటి ఒళ్లు. కాళ్లూ చేతులూ ఉండవు. వేడినీటి బుగ్గల దగ్గరకు వచ్చే యాత్రికులకు అమ్మడానికి పుట్టిన బొమ్మలివి. వీటినీ లేత్ మీదే తిప్పుతారు. తిరుగుతున్న కర్రకే కుంచె ఆనించి రంగు చారలు దిద్దుతారు. కరెంటు రాకముందు ఒకరు తాడు లాగుతూ కర్రను తిప్పితే మరొకరు ఉలి పట్టేవారు. మన లక్కబొమ్మల పనివాళ్లూ మోటార్లు రాకముందు చేత్తో తిప్పే లేత్‌ల మీదే ఆధారపడ్డారు. చెన్నపట్నం బొమ్మలకు పితామహుడిగా చెప్పుకునే బావాస్ మియాన్ జపాన్ పద్ధతుల్ని తెలుసుకుని తన ఊరి పనిని మెరుగుపరిచాడని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. మంచి పనితనం ఎక్కడున్నా తెచ్చుకోవడం బొమ్మలవాళ్లకు కొత్తేం కాదన్నమాట.

అన్నీ మంచిమాటలేనా?

కాదు. పలచటి రేకుకి కోపం ఎక్కువ. అలవాటు కొద్దీ ఒక్కసారి గట్టిగా ముందుకు తోస్తే మడతపడిపోతుంది. ఎండిన తుమ్మ, నల్లమద్ది లాంటి గట్టి కర్రల్లోనో, కణుపుల దగ్గరో మొరటుగా లాగితే సన్నటి పళ్లు పుటుక్కున విరుగుతాయి. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది పదునుది. మన వడ్రంగి సాయంత్రం చెట్టుకింద కూర్చుని ఆకురాయితో తన రంపానికి తనే పదును పెట్టుకుంటాడు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే జపాన్ రంపాల్లో ఎక్కువ వాటికి పళ్ల కొసల్ని వేడితో బాగా గట్టిపరుస్తారు. చాలాకాలం పదును నిలుస్తుంది, నిజమే. పోయిందంటే మాత్రం ఆకురాయికి లొంగదు. రేకు మార్చుకోవాల్సిందే. పాతకాలపు రంపాలకైతే పదును పెట్టడమే వృత్తిగా బతికే నిపుణులు జపాన్‌లో వేరే ఉండేవారు. ఆ పని అంత సున్నితం.

కాబట్టి పాత రంపాన్ని అటకెక్కించక్కర్లేదు. పెద్ద దుంగలకు అదే దిక్కు. కచ్చితంగా, గీత మీద గీతలా తెగాల్సిన చోట లాగే రంపం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పనిముట్టును నిందించడం తప్పే కానీ, పనికి తగ్గ ముట్టు ఎంచుకోవడం పనితనంలో సగం.

మీరూ పట్టి చూస్తారా?

సెలవుల్లో పిల్లలతో కలిసి చిన్న పెన్నుల పెట్టె చేయాలన్నా, వదులైన కుర్చీ కాలు సరిచేయాలన్నా లాగే రంపం ఇంట్లోవాళ్లకూ తేలికే. బలం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

ముందుగా గీత. పెన్సిలుతో కాకుండా మూలమట్టం ఆనించి పదునైన చాకుతో గీయండి. ఆ సన్నటి గాటులో రంపం పళ్లు కుదురుగా కూర్చుంటాయి. పైపొర లేచిపోదు.

కర్ర కదలకూడదు. బల్లకు క్లాంపుతో బిగించండి. ఎడమచేతి బొటనవేలి గోరును, పళ్లకు కాస్త పైన, రేకు పక్కకు ఆనించి దారి చూపండి. పిడికి దగ్గరగా ఉన్న పళ్లతో, అవతలి మూలన, రెండు మూడుసార్లు మెల్లగా లాగండి. గాడి పడ్డాక బొటనవేలు తీసేయండి.

ఇక్కణ్నుంచి పిడిని చిట్టచివర పట్టుకోవాలి. పిట్టను పట్టుకున్నంత మెత్తగా! రంపం పూర్తి పొడవూ వాడుతూ లాగండి. ఇవతలికి లాగేటప్పుడే తెగుతుంది, అవతలికి పోయేటప్పుడు బరువు వేయొద్దు. పొట్టు మీవైపే వచ్చి గీతను కప్పేస్తుంది. మధ్యమధ్య ఊదుకుంటూ ఉండండి. రంపం పక్కకి పోతోందంటే మెలిపెట్టి దారికి తేవాలని చూడకండి. ఆపి, కర్రను తిప్పి, రెండోవైపు గీత నుంచి మొదలుపెట్టండి. రెండు కోతలూ మధ్యలో కలుస్తాయి. చివరి అంగుళం దగ్గర తెగిపడే ముక్కను చేత్తో పట్టుకోవాలి. లేకపోతే బరువుకి విరిగి అంచు చీలుతుంది.

మరోమాట. ఈ పళ్లు చేతికి తగిలితే కత్తిలా దిగుతాయి. పిల్లల చేతికిచ్చేటప్పుడు పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. పని అవగానే తొడుగు వేసి దాచాలి.

మూత బిగిసిన చప్పుడు

ఏటికొప్పాక భరిణెను ఈసారి చేతిలోకి తీసుకున్నప్పుడు మూత తీసి, మళ్లీ పెట్టి చూడండి. మంచి పనివాడి చేతిలో తయారైనదైతే మూత దిగేటప్పుడు లోపలి గాలి మెల్లగా బయటకొస్తుంది. చిన్న చప్పుడుతో బిగుసుకుంటుంది. ఆ చప్పుడు వెనక నెలల తరబడి ఆరిన కర్ర ఉంది. చెట్టూ చేమా ఇచ్చిన రంగుంది. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయపడక్కర్లేని బొమ్మ చేయాలన్న పట్టుదల ఉంది. వీటన్నిటికన్నా ముందు తిన్నగా పడిన ఓ కోత ఉంది.

అంకుడు మొక్కలు నాటితే అవి కొమ్మలై చేతికందడానికి ఏళ్లు పడుతుంది. నాటాల్సిందే, తప్పదు. అవి ఎదిగేదాకా ఉన్న కర్రను పొదుపుగా వాడుకోవడం మాత్రం ఈ రోజు చేతిలో ఉన్న పని. అడుగు కర్రకి రెండు మూతలు... చిన్న మిగులే. కానీ చిన్నవాటిని కూడబెట్టి బతకడం పిడతలు చేసే ఊరికి కొత్తగా నేర్పాలా!