పేరు మాది, వార్త పక్క ఊరిది

సంపాదకులకు,

మొన్న ఆదివారం మీ పత్రికలో పోర్టు పనుల మీద పెద్ద కథనం వేశారు. సముద్రంలోకి చొచ్చుకెళ్లిన రాళ్ల గట్టు, క్రేన్లు, లారీల వరుస. ఫొటో బాగుంది. కింద మాత్రం ‘భావనపాడు పోర్టు’ అని రాశారు. మా రేవు దగ్గర టీ బడ్డీలో ఆ పేజీ చేతులు మారింది. ‘‘ఏటి మావా, మనూరి పేరు మళ్లీ పడిందేటి?’’ అని ఒక కుర్రాడు అడిగాడు. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తకుండానే అన్నాడు: ‘‘పేరు పడింది గానీ ఊరు పడనేదురా.’’

ఆ మాట మీ చెవిన వేద్దామనే ఈ ఉత్తరం.

నేను ఈ ఊళ్లో 30 ఏళ్లు పేపరు ఏజెంటుగా ఉన్నాను. చీకటితో లేచి నౌపడలో కట్ట అందుకుని, ఉప్పు మళ్ల పక్కనుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఇంటింటికీ వేసేవాణ్ని. ఆ డబ్బుతోనే పిల్లలు చదువుకున్నారు. పత్రికల మీద నాకు పగ లేదు. ఇన్నేళ్లూ చూసింది మాత్రం ఒకటుంది. మా తీరాన్ని పేపరు ఏ మాటతో పిలిస్తే, కొన్నాళ్లకు మా బతుకు ఆ మాట ప్రకారమే నడుస్తుంది. అందుకే ఆ మాట ఎంచేటప్పుడు కాస్త నిదానించమని అడుగుతున్నాను.

ముందు పోర్టు సంగతి. 2015లో భావనపాడు పోర్టు పేరుతో వేల ఎకరాల భూసేకరణకు ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. జనం అడ్డం తిరిగారు. తర్వాత ప్రభుత్వం మారింది, ప్లాను మారింది, చివరికి చోటు కూడా మారింది. 2023 ఏప్రిల్ 19న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి శంకుస్థాపన చేసింది మూలపేటలో. పేరు కూడా మూలపేట పోర్టే అయింది. రూ.4,362 కోట్ల ఖర్చు, 4 బెర్తులు, ఏటా 2.35 కోట్ల టన్నుల సరుకు అన్నారు. ఇళ్లు వదలాల్సి వచ్చింది మూలపేట, విష్ణుచక్రం వాళ్లకు. పేపర్లో అన్నేళ్లు నలిగింది మాత్రం మా పేరు.

నలిగితే ఏం పోయిందంటారా? పలాస నుంచి, విశాఖ నుంచి బ్రోకర్లు కార్లేసుకుని వచ్చేవారు. చేతిలో పేపరు కటింగు ఉండేది. మేం ఎప్పుడూ వినని రేట్లు చెప్పేవారు. నా దగ్గర పేపరు వేయించుకునే ఒకాయన, భూమి ఎలాగూ పోతుంది కదా అని జీడితోటలో ముసలి చెట్లు తీసి కొత్త మొక్క పెట్టడం మానేశాడు. భూమి పోలేదు, పోర్టు రాలేదు. తోట మాత్రం ఎనిమిదేళ్లు వెనకబడింది. ఇక మూలపేటలో ఉన్న మా చుట్టాలు, పోర్టు మీ ఊళ్లో కదా అని మమ్మల్ని చూసి జాలిపడేవారు. వాళ్ల వీధి దాకా వస్తుందని వాళ్లు అనుకోలేదు.

అంతకుముందూ ఇదే తంతు. ఈస్ట్‌కోస్ట్ ఎనర్జీ అనే కంపెనీ 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం తలపెట్టింది కాకరాపల్లి తంపరలో. దానికి పెట్టిన పేరు భావనపాడు థర్మల్. పేరు మాట అలా ఉంచండి. అక్కడ ఇంకో మాట ఎక్కువ కీడు చేసింది. ప్రాజెక్టు కావాలన్నవాళ్లు ఆ నేలను ‘పనికిరాని చిత్తడి’ అన్నారు. నా కట్టలో వచ్చిన పేపర్లూ చాలాకాలం ఆ మాటే ఎత్తుకున్నాయి. మా వైపు దాన్ని తంపర అంటారు. సోంపేట వైపు బీల అంటారు. వాన నీళ్లన్నీ పల్లానికి దిగి నిలిచేది అక్కడే. చేప పెరిగేది, పశువు మేసేది, చుట్టూ బావుల్లో తీపి నీరు నిలిచేది దాని వల్లే. ‘తంపర’ అని రాస్తే చదివేవాడు, అదేమిటని ఒక్క ప్రశ్నయినా వేస్తాడు. ‘పనికిరాని నేల’ అంటే ఇంక అడిగేదేముంది?

ఆ థర్మల్ వద్దని వడ్డితాండ్ర జనం నెలల తరబడి శిబిరం వేసుకుని కూర్చున్నప్పుడు ఆ వార్త జిల్లా పేజీ అడుగున రెండంగుళాలు ఉండేది. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. మర్నాడు నా కట్ట అరగంటలో అయిపోయింది. అంత వేగంగా పేపర్లు అమ్మిన రోజు నాకు ఇంకోటి లేదు. ఆ చిల్లర లెక్కపెట్టుకోవడానికి ఆ రోజు చేతులు రాలేదు. అంతకుముందు ఏడాది, 2010 జూలై 14న, సోంపేటలోనూ ఇలాగే థర్మల్ వద్దన్నవాళ్ల మీద తూటాలు పేలాయి. బీల అంటే ఏమిటో రాష్ట్రానికి తెలిసింది ఆ తర్వాతే. ఇంత జరిగినా కాకరాపల్లిలో ఇప్పటికీ కరెంటు పుట్టలేదు.

పక్షుల సంగతి మీకు చిన్నదిగా కనిపించవచ్చు. చలికాలం దగ్గరపడితే పక్షుల ఊరు తేలినీలాపురం మీద ‘సైబీరియా అతిథులు’ అని శీర్షిక వస్తుంది. ఫొటోలో ఉండేవి గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు. అవి సైబీరియా నుంచి వచ్చేవి కావు. భారతదేశం, శ్రీలంక లాంటి చోట్ల పుట్టి, ఈ చుట్టుపక్కలే నీటిని బట్టి తిరిగే పక్షులు. ఇక్కడ గూళ్లు కడతాయి, పిల్లల్ని పెంచుతాయి. గూడు కట్టిన చోటే కదండీ ఇల్లు? అతిథులంటే నాలుగు రోజులు ఫొటోలు తీసి పంపించేస్తాం. ఇక్కడి పక్షులని రాస్తే, వాటికి చేప ఎక్కడ దొరుకుతోందని అడగాల్సి వస్తుంది. అప్పుడు నౌపడ చిత్తడి, తంపర, ఉప్పుటేరు అన్నీ వార్తలోకి వస్తాయి. సైబీరియా అన్న ఒక్క మాట ఇవన్నీ అడగనక్కర్లేకుండా చేస్తోంది.

ఇక ఉద్దానం. ఉద్యానవనం అన్న మాట నోట్లో అరిగి ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస చెట్ల నీడలో ఇళ్లుండే నేల. ఇప్పుడు పేపర్లో ఉద్దానం అంటే కిడ్నీ జబ్బు ఒక్కటే. ఆ రాతల వల్ల మంచి జరగలేదని నేననను. పత్రికలు, టీవీలు వెంటపడబట్టే పెద్దవాళ్లు కదిలారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి మంచినీళ్ల పథకం ప్రారంభమయ్యాయి. ఆ పుణ్యంలో పేపర్ల వాటా ఉంది. కానీ మా తోడల్లుడి కూతురికి మాటలైపోయిన సంబంధం తప్పిపోయింది. అవతలివాళ్లు చూపించింది పిల్ల రక్తపరీక్ష కాదు, పేపరు శీర్షిక. జబ్బు ఎవరికి వచ్చింది, ఎన్ని ఊళ్లలో ఉంది అన్నది లోపల రాశారు. పైన పెద్దక్షరాల్లో ‘మృత్యు ఉద్దానం’ అని వేశారు. పిల్లనివ్వడానికో చేసుకోవడానికో చూసేవాళ్లు లోపలిదాకా చదవరు.

ఇది విలేకరులను తప్పుపట్టడానికి రాయడం లేదు. మండల విలేకరి కష్టం నాకంటే ఎవరికి తెలుసు? వాళ్లలో చాలామందికి జీతం లేదు, అచ్చయిన వార్తకు లెక్కగట్టి ఇచ్చే డబ్బే. పైగా ప్రకటనలు తేవాలి, చందాలు కట్టించాలి. ప్రకటన ఇచ్చే నాయకుడి మీద నిజం రాయమని అతన్ని నేను ఏ మొహంతో అడగను? పైగా అతను తంపర అని రాసి పంపినా, డెస్కులో కూర్చున్నవారికి అర్థం కాక చిత్తడి అని దిద్దిన రోజులున్నాయి. నేను అడిగేది ఆ డెస్కుని.

ఇంకో ఇబ్బంది మీ పేజీల ఏర్పాటులోనే ఉంది. 1989లో ఈనాడు జిల్లాలకు విడిగా పేజీలు తెచ్చాక మిగతావాళ్లూ అదే దారి పట్టారు. అంతకుముందు తుపాను వస్తే తప్ప మా ఊరి పేరు అచ్చులో చూసేవాళ్లం కాదు. ఆ తర్వాత బడి గోడ కూలినా వార్తే. సంతోషించాం. కానీ జిల్లా పేజీ ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకానే. పోర్టు శంకుస్థాపన మెయిన్ పేజీలో పడి అమరావతి దాకా వెళ్తుంది. ఏరు సముద్రంలో కలిసే మా మొగలో ఇసుక మేటేసి, బోట్లు పోటు కోసం గంటల తరబడి బయట కాచుకుంటున్న సంగతి జిల్లా పేజీలో పడి మా దగ్గరికే తిరిగి వస్తుంది. మాకు తెలిసిన మా బాధ మాకే అమ్ముతున్నారు. అమ్మిపెట్టింది నేనే అనుకోండి. వేట గిట్టక మన జిల్లా కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు పోతారని ఎన్నిసార్లు రాసినా జిల్లా దాటలేదు. 2018లో వాళ్లలో కొందరు పాకిస్తాన్‌కు చిక్కాక, 2020 జనవరిలో విడుదలయ్యాక మెయిన్ పేజీ ఎక్కారు.

కాబట్టి నా మనవి. మూలపేటది మూలపేట అని, కాకరాపల్లిది కాకరాపల్లి అని రాయండి. తంపర, బీల, మొగ, ఉప్పుటేరు అన్న మాటలు దిద్దకుండా అలాగే వేయండి. చదివేవాళ్లు నేర్చుకుంటారు. బెర్తు, టెర్మినల్ నేర్చుకోలేదూ? పోర్టులో మొదటి ఓడ ఆగిన రోజు మీరు తప్పక వస్తారు. అదే రోజు మా మొగ గురించి నాలుగు వాక్యాలు మెయిన్ పేజీలో వేయండి. పోర్టు గట్లు కట్టాక ఇసుక ఎటు జరుగుతోందో చెప్పడానికి ఇక్కడ రోజూ బోటు దించేవాళ్లున్నారు. ఇంతవరకు ఎవరూ వాళ్లని అడగలేదు.

సంతాప ప్రకటనలో పేరు తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తారు కదా. మూలపేటలో శంకుస్థాపన అయిన నాటి నుంచి లెక్కేసినా మా ఊరి పేరు తప్పుగా పడుతూనే ఉంది, ఒక్క సవరణ చూడలేదు. మీకు శ్రమ లేకుండా నేనే రాసి పంపుతున్నాను. చోటుంటే వేయండి.

‘‘సవరణ: ఈ పత్రికలో ‘భావనపాడు పోర్టు’ అని వస్తున్నది మూలపేటలో కడుతున్న పోర్టు. ‘భావనపాడు థర్మల్’ అని వచ్చింది కాకరాపల్లి తంపరలో తలపెట్టిన ప్రాజెక్టు. భావనపాడులో ఉన్నవి చేపల రేవు, ఇసుక మేటేసిన మొగ, జనం. పొరపాటుకు చింతిస్తున్నాం.’’

ఇట్లు,
ఒక పాత పేపరు ఏజెంటు,
భావనపాడు, సంతబొమ్మాళి మండలం,
శ్రీకాకుళం జిల్లా.